ఊపితే ఆరోగ్యం

సోయా సాస్ పావు కప్పు. నూనె పావు కప్పు. తేనె రెండు టేబుల్ స్పూన్లు. రైస్ వెనిగర్ కాస్త, అల్లం కాస్త, వెల్లుల్లి రెండు రెబ్బలు, పైన వేయించిన నువ్వుల నూనె సన్నగా ఒక ధార. అన్నీ గాజు సీసాలో పోసి, మూత బిగించి, అర నిమిషం ఊపండి. అంతే, ఇంట్లో చేసుకున్న హెల్తీ ఏషియన్ సలాడ్ డ్రెస్సింగ్ సిద్ధం! ఊపేటప్పుడు మాత్రం మొహాన చిరునవ్వు ఉండాలి, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ ఉండాలి, వెనక కిటికీలోంచి లేత ఎండ పడుతూ ఉండాలి. ఇందులో ఆరోగ్యం ఏ దినుసులోంచి వచ్చిందని అడగడం అమర్యాద. ఊపడంలోంచి వచ్చింది.

దాని రుచి మీద నాకేమీ ఫిర్యాదు లేదు. ఉప్పు, తీపి, పులుపు, నూనె, వెల్లుల్లి సరిగ్గా కుదిరితే పాత చెప్పు మీద పోసినా తినబుద్ధి అవుతుంది. నా పేచీ అంతా ఆరోగ్యం పేరిట జరిగే ప్రచారంతోనే. అందుకని ఓసారి స్పూను పట్టుకుని లెక్క వేద్దాం.

పావు కప్పు అంటే నాలుగు టేబుల్ స్పూన్లు. మామూలు సోయా సాస్ ఒక టేబుల్ స్పూనులో దాదాపు 880 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. నాలుగింటికీ కలిపి 3,500 మిల్లీగ్రాములు దాటింది. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు. "ఇది నలుగురికి సరిపోతుంది" అని వీడియోలో సీసా ఊపే వంటావిడ చివర్లో ఒక మాట అంటుంది. ఆ నలుగురూ ఎవరు? పిల్లవాడు క్యాబేజీ చూడగానే బల్ల కిందికి దూరతాడు, పెద్దాయనకి పెరుగన్నం తప్ప పడదు. మిగిలిన ఇద్దరూ సీసా ఖాళీ చేస్తారు. తలా 1,750 మిల్లీగ్రాములు. ఇంకా చారులో ఉప్పు, కూరలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు వరసలో నిలబడే ఉన్నాయి.

నూనె సంగతికొస్తే టేబుల్ స్పూనుకి 120 కేలరీలు. అది ఆలివ్ నూనె అయినా, అవకాడో నూనె అయినా, మన వేరుశనగ నూనె అయినా ఒకటే. ఖరీదు పెరిగిన కొద్దీ కేలరీలు తగ్గే నూనెని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. నాలుగు స్పూన్లకి 480. రెండు స్పూన్ల తేనెకి మరో 130, అందులో 34 గ్రాముల చక్కెర. "పంచదార వాడలేదండీ, తేనె వేశాం" అంటారు. పూలమీద తిరిగి తెచ్చింది కదా అని తేనెటీగకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ రాయితీ ఇవ్వలేదు. తేనెని, మేపుల్ సిరప్‌ని పంచదారతో పాటు ఒకే పద్దులో రాసేసింది. ఇంత సరంజామా దేనిమీద పోస్తున్నారు? నాలుగు క్యాబేజీ రేకులు, ఒక క్యారెట్ తురుము, గుప్పెడు వేరుశనగ పప్పుల మీద. గిన్నెలో ఉన్న కూరగాయలన్నిటికీ కలిపి అందులో సగం కేలరీలు కూడా ఉండవు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. నూనె బొత్తిగా లేకపోతే క్యారెట్‌లోని, ఆకుల్లోని కెరటినాయిడ్లు ఒంటపట్టవు. కొవ్వు ఉంటేనే అవి లోపలికి వెళతాయి. కాబట్టి నూనె వద్దని ఎవరూ అనడం లేదు. ఒక స్పూను చేసే పనికి నాలుగు స్పూన్లని పిలిచి, ఆ నాలుగింటికీ వైద్యుడి కోటు తొడగడమే వింత.

అసలు వేడుకంతా బీపీ ఉన్న ఇళ్ళలో చూడాలి. డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు. ఆ రోజే ఆవకాయ జాడీ అటక ఎక్కింది, అప్పడాలు చుట్టాలింటికి పోయాయి. నెల తిరక్కుండా ఆవకాయ ఖాళీ చేసిన చోటే సోయా సాస్ సీసా వచ్చి కూర్చుంది. "అత్తయ్యగారూ, మీకు పచ్చళ్ళు వద్దన్నారుగా, ఇది వేసుకోండి, హెల్తీ" అంటుంది కోడలు. పాపం, ఆవిడా నమ్మే చెబుతోంది. అత్తగారు కూడా ఒక ముద్ద తిని, "ఉప్పగా ఉందేమిటే?" అనబోయి, మళ్ళీ పల్లెటూరి మనిషంటారేమోనని ఊరుకుంటుంది. ఈ కథలో బీపీ గురించి సరైన కబురు చెప్పగలిగింది ఆ ముసలావిడ నాలుక ఒక్కటే. దాన్ని ఎవరూ సంప్రదించలేదు.

"మేము తక్కువ సోడియం సోయా సాస్ వాడతాం" అనేవాళ్ళున్నారు. సంతోషం. అందులోనూ టేబుల్ స్పూనుకి 500, 600 మిల్లీగ్రాములు ఉంటుంది. తక్కువే కదా అని రెండు రెట్లు పోసేవాళ్ళనే నేను ఎక్కువ చూశాను. పైగా రంగు చాలలేదని చివర్లో గులాబీ రంగు ఉప్పు చల్లుతారు. హిమాలయాల పేరు చెప్పినా అది దాదాపు అంతా సోడియం క్లోరైడే.

ఇక ఆసియా సంగతి. మూడు వంతుల నూనెకి ఒక వంతు పులుపు పోసి గిలక్కొట్టి, పచ్చి ఆకుల మీద కుమ్మరించడం ఫ్రెంచివాళ్ళ వినెగ్రెట్ పద్ధతి. ఆ చట్రాన్ని అలాగే ఉంచి, ఉప్పు బదులు సోయా సాస్, ఆవపిండి ముద్ద బదులు అల్లం పెడితే ఖండం మారిపోయిందట. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఈ సీసాలో ఆసియా అంత. దీని పుట్టిల్లు వెతుక్కుంటూ బీజింగో బ్యాంకాకో పోతే డబ్బులు దండగ. ముందు కాలిఫోర్నియాలో అడగాలి. శాంటా మోనికాలో మేడమ్ వూ అనే చైనా ఆవిడ రెస్టారెంట్‌లో సినిమా తారలు వెతుక్కుంటూ వచ్చి తిన్న చైనీస్ చికెన్ సలాడ్ ఉండేది. తరవాత అదే ఊళ్ళో 1983లో వోల్ఫ్‌గాంగ్ పక్ 'షిన్వా ఆన్ మెయిన్' తెరిచి, తన పద్ధతిలో అలాంటి సలాడ్‌నే ఊరంతా చెప్పుకునేలా చేశాడు. పక్ పుట్టింది ఆస్ట్రియాలో, వంటలో ఆరితేరింది ఫ్రాన్స్‌లో. మంచి వంటగాడు, అందులో తప్పేమీ లేదు. ఒక రెస్టారెంట్ వంటకం ఎంత రుచిగా ఉండాలో అంత రుచిగా ఉండేలా చేశాడు. దాన్ని ఔషధం చేసింది ఆ తరవాత వచ్చినవాళ్ళు.

నిజంగా ఆసియావాళ్ళు పచ్చి కూరగాయల్ని ఎలా కలుపుకుంటారో చూడండి. థాయిలాండ్‌లో పచ్చి బొప్పాయి కోరుతో సోమ్ తమ్ చేస్తారు. వెల్లుల్లి, మిరపకాయలు రోట్లో దంచి, తాటిబెల్లం, నిమ్మరసం, చేపల సాస్ కలుపుతారు. నూనె చుక్క పడదు. వియత్నాంవాళ్ళ నూక్ చామ్ అంటే నీళ్ళు, నిమ్మరసం, పంచదార, చేపల సాస్. అందులోనూ నూనె లేదు. జపాన్‌లో కీరా చక్రాలకి ఉప్పు రాసి, నీరు పిండేసి, బియ్యం వెనిగర్‌లో కొద్దిగా తీపి కలిపి పోస్తారు. చైనాలో కీరాని కత్తి వెడల్పుతో చితక్కొట్టి వెల్లుల్లి, వెనిగర్, సోయా వేసి, నువ్వుల నూనె వాసన కోసం మాత్రమే వాడతారు. బర్మావాళ్ళు నూనె వేస్తారు, దాంతో పాటు వేయించిన శనగపిండి చల్లి చేత్తో కలుపుతారు. వీటిలోనూ ఉప్పు దండిగానే ఉంటుంది, చేపల సాస్ ఆ విషయంలో సోయాకి అన్నగారు. కాని బ్యాంకాక్ వీధిలో సోమ్ తమ్ దంచే ఆవిడ "ఇది తింటే మీ పొట్టలోని విషాలన్నీ పోతాయి" అని ఎవరికీ చెప్పదు. కారం ఎంత వేయమంటారని అడుగుతుంది.

వంటావిడ ఇంకో మాట తప్పకుండా అంటుంది: "ఇందులో అజినొమోటో లేదు!" ఈ భయానికి ఒక తారీఖు ఉంది. 1968లో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కి ఒక ఉత్తరం రాశాడు. చైనా హోటళ్ళలో తిన్నాక మెడ వెనక తిమ్మిరెక్కుతోందని, దానికి కారణం ఏమిటో అని. ఆ ఉత్తరం పట్టుకుని లోకం అర్ధశతాబ్దం పైగా భయపడింది. అనుమానితుల జాబితాలో ఆయన సోయా సాస్ పేరు, ఉప్పు పేరు కూడా రాశాడన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకేడా 1908లో సముద్రపు నాచులోంచి వెలికితీసిన గ్లుటమేటే అజినొమోటోలో ఉన్నది, అదే సోయా సాస్‌లో సహజంగా నిండి ఉంటుంది. దాని రుచిలో సగం అదే. అజినొమోటో పొట్లాన్ని గుమ్మం దగ్గర ఆపి, సోయా సాస్‌ని దొడ్డిదారిన లోపలికి పిలిచి పీట వేసినవాళ్ళు "మా ఇంట్లో వాడం" అని చెప్పుకోవడం బాగుంటుందా?

ఇంట్లో చేశామనే గొప్ప కూడా చూద్దాం. ఐదు ఫ్యాక్టరీ సీసాల మూతలు తీసి ఆరో సీసాలో పోయడాన్ని చేయడం అంటున్నాం. అసలైన సోయా సాస్‌కి సోయా గింజలకి, గోధుమలకి బూజు పట్టించి, ఉప్పునీళ్ళలో నెలల తరబడి పులియబెట్టాలి. చవక రకాలకి అంత ఓపిక లేదు. సోయా పిండిని ఆసిడ్‌తో ఉడికించి, రోజుల్లో తేల్చి, రంగు కలిపి సీసాకెక్కిస్తారు. మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలియాలంటే వెనక చిన్న అక్షరాలు చదవాలి. ఆ సీసా ముందువైపు ఫొటోలు తీసినంత శ్రద్ధగా ఎవరూ వెనకవైపు చదవరు.

ఇందులో నవ్వులాట కానిది ఒకటుంది. "వెల్లుల్లి తరిగి నూనెలో వేసి అట్టేపెట్టుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు డ్రెస్సింగ్" అనే సలహా. 1985లో వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్ అలా నూనెలో ఉన్న వెల్లుల్లిని ఫ్రిజ్‌లో పెట్టకుండా బయట ఉంచితే 30 మందికి పైగా బొటులిజం వచ్చింది. గాలి ఆడని నూనె అడుగున ఆ సూక్ష్మజీవి విషం తయారుచేస్తుంది, వాసనతో పట్టుకోలేం. వెల్లుల్లి ఏ పూటకి ఆ పూట దంచుకోవాలి. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో అవగొట్టాలి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ సీసాలో అన్నిటికంటే ఖరీదైన దినుసు నువ్వుల నూనె. నువ్వులు ఈ ఉపఖండపు పంట, హరప్పా తవ్వకాల్లో కాలిన నువ్వులు దొరికాయి. ఎలమంచిలి, జగిత్యాల పరిశోధన కేంద్రాలు ఇప్పటికీ కొత్త నువ్వుల వంగడాలు ఇస్తున్నాయి. ఆ నువ్వులు దేశాలు తిరిగి, వేగి, సీసాలో పడి వస్తే తప్ప మనకి ఆనలేదు. తెలంగాణ ఇళ్ళలో పచ్చిపులుసు చేసేటప్పుడు చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి, ఇష్టమైతే కాస్త బెల్లం కలుపుతారు. పోపుకి ఒక స్పూను నూనె చాలు. పులుపు, తీపి, కారం, నువ్వులు, అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలి? శ్రీరామనవమి నాటి వడపప్పులో నానిన పెసరపప్పు, కీరా, మామిడి తురుము, కొబ్బరి ఉంటాయి, పోయడానికి ఏ సీసా అక్కర్లేదు. వీటిలోనూ ఉప్పుంది. ఎంతన్నది వేసే చేతిమీద ఆధారపడుతుంది. అయితే ఏ అమ్మమ్మా పచ్చిపులుసుని జాడీకెత్తి, మొహాన చిరునవ్వు పులుముకుని ఊపలేదు.

సోయా రుచే కావాలనుకునేవాళ్ళు నిక్షేపంగా చేసుకోండి. ఇద్దరికి రెండు టీ స్పూన్ల సోయా సాస్, ఒక నిమ్మకాయ రసం, వేయించిన నువ్వుల నూనె ఒక టీ స్పూను, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన నువ్వులు ఒక టేబుల్ స్పూను, అల్లం తురుము, ఒక పచ్చిమిర్చి, చిటికెడు బెల్లం. కప్పుతో పోయకండి, స్పూనుతో కొలవండి. తలా 300 మిల్లీగ్రాముల సోడియం లోపు అవుతుంది. ఇంట్లో బీపీ మాత్ర వేసుకునేవాళ్ళుంటే వాళ్ళ గిన్నెలో సోయా మానేసి నిమ్మరసం ఇంకాస్త పిండండి. ఆ పూట కూరలోనూ ఉప్పు తగ్గించండి.