ఫీజు లేని వీలునామా

నేను వీలునామాని. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందికీ, పోలీసులకూ, అంబులెన్సు సిబ్బందికీ, వాళ్ల భార్యాభర్తలకూ లాయర్లు పైసా తీసుకోకుండా రాసిచ్చే రకాన్ని. నా పుట్టుకకు కారణం 2001 సెప్టెంబరు 11 ఉగ్రదాడులు. ఆ ఒక్కరోజే న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని పోగొట్టుకుంది. తర్వాత దక్షిణ కరోలినా లాయరు ఆంథొనీ హేస్, మావంతుగా ఏం చేయగలమని తన ఊరి అగ్నిమాపక శాఖను అడిగితే, మంటల్లోకి దూకే ఉద్యోగుల్లో చాలామందికి వీలునామాయే లేదని తేలింది. నన్ను ఉచితంగా రాసిచ్చే ‘విల్స్ ఫర్ హీరోస్’ కార్యక్రమం అక్కడ మొదలై ఇతర రాష్ట్రాలకు పాకింది.

జీతం మీద బతికేవాడికి వీలునామా ఎందుకన్నది నేను తరచూ వినే మాట. ఆస్తి నా పనిలో ఒక ముక్క మాత్రమే. తల్లీదండ్రీ ఇద్దరూ పోతే పిల్లల్ని ఎవరు పెంచాలో చెప్పేదీ నేనే. కోర్టు నా మాటకు కట్టుబడి ఉండకపోవచ్చు గానీ, దానికి బరువిస్తుంది. నన్ను ఉద్యోగికి మాత్రమే రాసిస్తే సగం పనే అవుతుందనడానికి కారణం కూడా ఇదే. భర్త విధుల్లో పోయి భార్య మిగిలితే పిల్లల బాధ్యత సహజంగా ఆమెదే. ఆ తర్వాత ఆమెకేమైనా అయితే చెల్లేది ఆమె వీలునామాలో ఉన్న పేరు. ఆమె రాయకపోతే బంధువులు కోర్టు మెట్లెక్కాలి. ఎలాగూ అంతా భార్యకే కదా అనేవాళ్లకు చట్టం వేరే మాట చెబుతుంది: దక్షిణ కరోలినాలో వీలునామా లేకుండా పోతే, పిల్లలున్నప్పుడు ఆమెకు సగమే. మిగతా సగం పిల్లలది. వాళ్లు మైనర్లయితే ఆ డబ్బు ముట్టుకోవడానికి కోర్టు అనుమతి కావలసి రావచ్చు.

బీమా, పింఛను ఉన్నాయిగా అంటారు. నిజమే, పైగా వాటి మీద నా మాట సాధారణంగా చెల్లదు. బీమా సొమ్ము ఫారంలో రాసిన నామినీకి వెళ్తుంది. విధుల్లో చనిపోయినవారికి 1976 నాటి కేంద్ర చట్టం కింద వచ్చే పరిహారంలో భార్యాపిల్లల వాటాలు ఆ చట్టమే చెబుతుంది. అందుకే నన్ను రాసేటప్పుడు ఆ ఫారాలు కూడా తిరగేయాలి. విడాకులై ఏళ్లు గడిచినా పాత పేరే ఉండిపోయిన ఫారాన్ని నేను దిద్దలేను. అసలు మనిషి బతికున్నంతకాలం నాకు నోరే లేదు. ఈ ఉద్యోగాల్లో చావులకన్నా గాయాలెక్కువ. స్పృహ లేనప్పుడు చికిత్స గురించీ, బ్యాంకు ఖాతా గురించీ మాట్లాడేవి నాతోపాటే రాసే అధికార పత్రాలు. నా కంటే అవే ముందు అక్కరకొస్తాయేమో.

ఇవన్నీ ఉచితంగా ఎందుకు, అందరికీ కావాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ పాతికేళ్ల మనిషి చావు గురించి రాసుకోవడం అపశకునం అనుకుని వాయిదా వేస్తాడు. అతని ఉద్యోగం ఆ గడువు ఇవ్వదు. హెల్మెట్‌ను ఊరే కొనిచ్చినట్టు, ఆ అపాయంతో వచ్చే కాగితాల ఖర్చూ సొంత జేబు మీద పడకూడదన్నది నా వాదన. ఒక్క పూటలో అచ్చయిన నమూనా పత్రం అందరికీ సరిపోదన్న విమర్శను మాత్రం ఒప్పుకుంటాను. రెండో పెళ్లి, సవతి పిల్లలు, సొంత వ్యాపారం ఉన్నవాళ్లను తీరిగ్గా మరో లాయరును చూడమని పంపడమే మంచిది.