భూమికి భారం కాని బండి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు మాది. ఇసుక టిప్పర్లకు తొట్లు, ఆకివీడు చేపలకు ఐసు నిలిచే పెట్టెబళ్లు, ఎన్నికలొస్తే ప్రచార రథాలు, సినిమావాళ్లకు కారవాన్లు. చాసిస్ తెచ్చి నిలబెడితే దానిమీద ఏది కట్టమన్నా కడతాం. అయితే ఆ పెద్దమనిషి పెట్టిన షరతు మాత్రం అంతకుముందు ఎవరూ పెట్టలేదు.

"బండి పెద్దదే కావాలి. నేనూ మా ఆవిడా నెలల తరబడి అందులోనే ఉండాలి. లద్దాఖ్ దాకా వెళ్లాలి. కానీ దానివల్ల భూమికి భారం పడకూడదు. కుదురుతుందా?" అన్నారు.

ఆయన సొంతూరు కంకిపాడు అవతల ఒక పల్లె. చాలాకాలం అమెరికాలో ఉండి వచ్చారు. అక్కడ బస్సంత ఇళ్లబళ్లు, వాటి వెనక తగిలించి ఈడ్చుకుపోయే కార్లు చూసి చూసి, తాను కట్టించే బండి అలా ఉండకూడదనుకున్నారట. షోకు కోసం మాట్లాడే మనిషి కాదని రెండు మాటల్లోనే తెలిసింది. అలాంటి ప్రశ్న అడిగేవాడు మా షెడ్డుకు రావడమే నాకు సంతోషం. ఇనుమూ డీజిలూ మా బతుకు. వాటికి భూమి ఎంత చెల్లిస్తోందో లెక్క చెప్పమన్న ఖాతాదారు నాకు తగల్లేదు.

అందుకే దాపరికం లేకుండా లెక్క ఆయన ఎదుటే వేశాను. సామానంతా ఎక్కాక బండి తొమ్మిది టన్నులు తూగుతుంది. లీటరుకు 5 కిలోమీటర్లు వస్తే గొప్ప. ఇక్కణ్ణుంచి లేహ్ సుమారు 3,000 కిలోమీటర్లు. రానూపోనూ 1,200 లీటర్ల డీజిల్. లీటరు డీజిల్ కిలో కూడా తూగదు గానీ, మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కాబట్టి గొట్టంలోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.7 కిలోల దగ్గర ఉంటుంది. మొత్తం మూడు టన్నుల పైచిలుకు. మన దేశంలో ఒక మనిషికి ఏడాది మొత్తానికి సగటున పడే వాటా 2 టన్నుల చిల్లర. అంటే ఒక్క ప్రయాణంతో ఈ ఇద్దరూ తమ ఏడాది వాటాలో ముప్పాతికకు పైగా వాడేసినట్టే.

"లీటరుకు 4 కిలోమీటర్లే ఇచ్చే స్లీపర్ బస్సు మీకంటే ఎక్కువే తాగుతుందండీ. కాకపోతే అందులో ముప్పై ఆరు మంది పడుకుంటారు," అన్నాను.

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కోపం రాలేదు. మర్నాడు మళ్లీ వచ్చి ఫోన్లో ఒక వీడియో చూపించారు. 2021లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు తయారుచేసిన సోలార్ క్యాంపర్, స్టెల్లా వీటా. ఎండ కరెంటుతో స్పెయిన్ దక్షిణపు కొసన ఉన్న తరీఫా దాకా వెళ్లింది. చూస్తుంటే నాకూ ముచ్చటేసింది. కానీ దాని బరువు 1,700 కిలోలు. నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది, గాలిని కోసుకుంటూ పోతుంది. మనది గోడలా నిలబడి గాలిని తోసుకుంటూ పోయే డబ్బా. పైకప్పు మీద మహా అయితే 2 కిలోవాట్ల ప్యానెళ్లు పడతాయి. మన ఎండకు రోజుకు 8 యూనిట్లు వస్తాయి. లీటరు డీజిల్‌లో ఉన్న శక్తి 10 యూనిట్లు. అందులో ఇంజిను చక్రాలకు చేర్చేది నాలుగనుకున్నా, రోజంతా కాసిన ఎండ ఈ బండిని పది కిలోమీటర్లు కదిలిస్తుంది. ఎండ ఇంటిని నడుపుతుంది గానీ చక్రాలను నడపలేదని చెప్పాను.

"అయితే ఇల్లు ఎండకు, చక్రాలు డీజిల్‌కు. చక్రాలు ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది. ఒక్కోచోట నెలేసి ఉంటాం. సరేనా?" అన్నారు.

సరే అన్నాను. నిజానికి పెద్ద బండికి ఉన్న మంచి దారి అదొక్కటే. రోజుకో ఊరు చుట్టే బండికీ, నెలకో ఊళ్లో ఆగే బండికీ కొలతలు ఒకటే అయినా, ఏడాది చివర డీజిల్ బిల్లులు పక్కపక్కన పెడితే అవి ఒక జాతి బళ్లని ఎవరూ అనుకోరు.

అక్కణ్ణుంచి మా పని బరువు దించడం. ఆయన ఫోర్ బై ఫోర్ కావాలన్నారు. లేహ్‌కు కూరగాయలు, సిమెంటు మోసే లారీలు 5,300 మీటర్ల ఎత్తున్న తగ్లాంగ్ లా కనుమను మామూలు వెనక చక్రాల తోపుతోనే ఎక్కుతున్నాయని చెబితే, మారు మాట లేకుండా మానుకున్నారు. గ్రానైట్ వంటగట్టు వద్దన్నాను, మానుకున్నారు. రెండో టాయిలెట్, మడతమంచం కింద ఇనప సొరుగులు, అన్నీ ఒక్కొక్కటే పోయాయి. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు తగిలే దెబ్బ దాదాపు పదహారు రెట్లవుతుందని 1950ల చివర్లో అమెరికాలోని ఇలినాయ్‌లో లారీలను గిరగిరా తిప్పి తేల్చారు. ఆ సంగతి చెప్పాక ఆయన స్టీలు గిన్నెలు కూడా తూకం వేయించారు.

చాసిస్ విషయంలో మాత్రం నాకూ ఆయనకూ పేచీ వచ్చింది. పాత చాసిస్ తీసుకుంటే కొత్త ఇనుము కరిగించే పని తప్పుతుందని నేనన్నాను. టన్ను ఉక్కు తయారీకి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఎటూ పోదు. ఆయన ఒప్పుకోలేదు. పాత ఇంజిన్ల మసి హిమాలయాల మంచు మీద పడితే మంచు నల్లబడి ఎండను పీల్చుకుంటుంది, త్వరగా కరుగుతుంది, అక్కడికి పోయి ఆ పని చేయలేను అన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, విషవాయువును విరిచే యూరియా నీళ్లు ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఏ ఫిల్టరుకూ చిక్కదు. అయినా మంచు గురించి ఆయన చెప్పింది న్యాయమే. కొత్త చాసిసే కొన్నారు.

నీళ్ల దగ్గర ఆయన బండికి వంక పెట్టడానికి లేదు. పట్నాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన సర్కారు లెక్క. ఈ బండిలో 300 లీటర్ల ట్యాంకు ఇద్దరికి వారం రావాలి. స్నానం నీళ్లు ఇసుక, బొగ్గు పొరల్లో వడకట్టి మళ్లీ వాడేలా అమర్చాం. టాయిలెట్ నీళ్లు లేనిది, రంపపు పొట్టు చల్లేది. లద్దాఖ్ ఇళ్లలో ముందునుంచీ ఉన్నవి అలాంటివే. పైన మట్టి చల్లుతారు, కింద ఎరువవుతుంది, చేలకు పోతుంది. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన పడే లేహ్‌లో ఫ్లష్ టాయిలెట్లున్న హోటళ్లు కట్టి భూగర్భజలం తోడేస్తున్నారని ఆయన బాధపడేవారు. ఆ బాధలో నాకెక్కడా నటన కనిపించలేదు. మా వడ్రంగి మేస్త్రీ కూడా, "ఈయన మాటంటే మాటే బాబూ," అనేవాడు. అలమరాలకు టేకు వద్దని, పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే తలుపుచెక్క ఏరుకురమ్మని ఆయన చెప్పింది అతనికే.

గేటు కొలత కోసం ఒక మే నెల మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లాను. రోడ్డు మీద 42 డిగ్రీల ఎండ. లోపలికి అడుగుపెట్టేసరికి వేరే ఊరికి వచ్చినట్టుంది. వాకిలి మొత్తాన్ని కప్పేసిన వేపచెట్టు. ఇద్దరం చేతులు చాపితేగానీ మాను చుట్టూ అందలేదు. వాళ్లమ్మగారు నాటిందట. ఉగాదికి ఊళ్లో సగం ఇళ్లకు పువ్వు అక్కణ్ణుంచే పోతుందట. చెట్టు కింద రేకుడబ్బా ఒకటి ఉంటే చెయ్యి ఆనించి చూశాను. మా షెడ్డు దగ్గర ఆ వేళప్పుడు రేకు ముట్టుకుంటే తోలు ఊడుతుంది. ఇక్కడ గోరువెచ్చగా ఉంది.

"ఇక్కడే పెడతాం బండి. దీని కింద ఏసీతో పనేముంది?" అన్నారాయన, మాను నిమురుతూ.

"బండికి మంచిదే. ప్యానెళ్లకే చిక్కు," అన్నాను. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద కొమ్మ నీడ పడినా ఆ వరుస దిగుబడి పడిపోతుంది. లోపల డయోడ్లుంటాయి, కొంత కాపాడతాయి, అంతే. ఇంత చిక్కటి నీడలోనైతే ఫ్రిజ్జుకు కూడా చాలదు. "ఇంట్లోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టుకోండి," అన్నాను.

ఆ మాట మాత్రం ఆయనకు గుచ్చుకుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాలు చూపించి వాళ్లబ్బాయికి చిన్నప్పుడే చెప్పారట, మన దీపం వెనక అంత బొగ్గు ఉందని. ఈ బండిలోకి బొగ్గు కరెంటు ఒక్క యూనిట్ కూడా పోకూడదని పట్టుబట్టారు.

"పోనీ ప్యానెళ్లు డాబా మీద పెట్టండి. బండి నీడలో ఉంటుంది, ప్యానెళ్లు ఎండలో ఉంటాయి. ఒక్క కేబులు చాలు. బండికి వందకిలోల బరువు కూడా తగ్గుతుంది," అన్నాను. చెట్టు, బండి, ప్యానెళ్లు మూడూ సుఖపడే దారి నాకు అదొక్కటే కనిపించింది.

"మరి దారిలో? బండి తన కాళ్ల మీద తను నిలబడాలండీ. డాబా వెంట తీసుకెళ్లలేం కదా," అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ప్యానెళ్లు బండి మీదికే ఎక్కాయి. పైకప్పు కింద ఒక చిన్న ఏసీ, నాలుగు ఫ్యాన్లు, లిథియం బ్యాటరీలు. ట్రయల్‌కు బండి ఇంటికి తీసుకెళ్లారు. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, మిట్టమధ్యాహ్నం మీటరు 90 వాట్ల దగ్గర ఆగిపోతోందని చెప్పారు. ఎండలో పెడితే ఎంత రావాలో అడిగారు. అన్నీ పోగా 1,500 రావాలని చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, ఏదో ఒకటి చేద్దాం అన్నారు.

చెక్కపని ఒక్కటి మిగిలిపోయింది. పాత తలుపుచెక్క చాలినంత దొరకలేదు. వెతుకుతున్నాం అని కబురు పెట్టాను. అప్పుడాయన బండి తోలుకుని షెడ్డుకు వచ్చారు. వెనకే ట్రాక్టరు. దాని ట్రక్కు నిండా కోత మిషన్ నుంచి వచ్చిన బల్లలు.

మేస్త్రీ ఒక బల్ల దించి గోటితో గీరి చూశాడు. తడి ఊరింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. షెడ్డంతా చేదు వాసన.

"ఇది పచ్చికొయ్య సార్. వేప. ఎక్కడిది?" అన్నాడు.

"మన ఇంటిదే మేస్త్రీ," అన్నారాయన. "ప్యానెళ్లకు అడ్డం వస్తోందిగా. వాల్టా చట్టం కింద అర్జీ పెట్టి, అనుమతి వచ్చాకే కొట్టించాను. బదులు పది మొక్కలు నాటాను కూడా. కొయ్య వృథా పోకూడదని ఇటు తెచ్చాను. ఇప్పుడు చూడండి, మధ్యాహ్నానికి 1,600 వాట్లు వస్తోంది. బొగ్గు కరెంటుతో పనే లేదు!"

ఆ ముఖంలో అంత సంతోషం బండి మొదలుపెట్టిన రోజు కూడా చూడలేదు. నాకు నోట మాట రాలేదు. మేస్త్రీయే అడిగాడు.

"మరి అంత ఎండలో డబ్బా కాలిపోదా సార్? లోపల మనిషి ఉండగలడా?"

"అదే చెప్పబోతున్నా," అంటూ ఆయన నా వైపు తిరిగారు. "ఒక్క ఏసీ చాలడం లేదండీ. రెండోది కూడా బిగించండి. ఎండ బోలెడంత ఉంది కదా, ఇక కరెంటుకేం లోటు!"