గడప దాటిన గుండు

చలనచిత్రమనునది మదరాసు కోడంబాకములో, ఎత్తైన గోడల వెనుక, కొందరు మహానుభావులు మహాయంత్రములతో చేయు ఇంద్రజాలమని మా తరమువారము నమ్మి, టిక్కెట్టు కొనుట యొక్కటే మనకు విధింపబడిన ధర్మమనుకొని సుఖముగా నుండెడివారము. ఇప్పుడా కోడంబాకము ప్రతి డిగ్రీ విద్యార్థి చొక్కా జేబులోనికి దిగివచ్చినది. అయితే కెమెరాతోపాటు రావలసిన జ్ఞాపకశక్తి మాత్రము జేబులో పట్టక వెలుపలనే నిలిచిపోయినదని, మా జనగామ విద్యార్థులు కొందరు ఒక లఘుచిత్రము తీయ సంకల్పించి, తెలుగు పంతులునగు నన్ను ‘కంటిన్యుటీ’ చూడుమని నియోగించిన పిదపగాని నాకు తెలియలేదు.

ఈ పదవి నన్ను వరించుటకు నా సినిమా పాండిత్యము కారణము కాదు. ఎవరు ఏనాడు తరగతికి రాలేదో, ఆనాడు ఎవరి తాతగారు ఎన్నవమారు పరమపదించిరో నాకు ఏండ్ల తరబడి గుర్తుండునని వారికి అనుభవపూర్వకముగా తెలియును. కంటిన్యుటీ యన్నను ఇంచుమించుగా అదే పని. ఏ షాటులో ఎవరి చేతిలో ఏమున్నది, చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టినారు, గ్లాసులో చాయ్ ఎంత మిగిలినది అనునదంతయు వ్రాసికొని, తరువాతి షాటు గంటకు తీసినను నెలకు తీసినను, తెరమీద అది మరుక్షణమే గనుక, సమస్తమును యథాపూర్వముగా నిలిపియుంచవలెను.

కథ సరళము. జనగామ యువకుడొకడు సింగరేణి కొలువునకై భూపాలపల్లికి పయనమై, నడుమ మహబూబాబాదులో, అనగా మానుకోటలో, దిగును. కాజీపేట దాటిన తరువాత మహబూబాబాదు ఆగ్నేయమునకు, భూపాలపల్లి ఈశాన్యమునకు; పైగా భూపాలపల్లికి రైలే లేదు. “భూపాలపల్లికి పోయెటోడు మానుకోటల ఎందుకు దిగుతడు బిడ్డా?” అని దర్శకుని అడిగితిని. “హీరోయిన్ ఆడ ఉంటది సార్” అనెను. ఈ హేతువును గౌతముడు మొదలు గంగేశుని వరకు ఏ తార్కికుడును ఖండింపజాలడు.

అసలు వింత ఆ నాయిక యింటిది. ఆ యింటి తలుపు వెలుపలి భాగము మహబూబాబాదులో, లోపలి గది జనగామలో, పెరడు భూపాలపల్లిలో, ఛాయాగ్రాహకుని మేనమామగారి సింగరేణి క్వార్టరులో. 2016 అక్టోబరు 11న ప్రభుత్వమువారు పాత వరంగల్లు జిల్లాను విడదీసి ఈ మూడు పట్టణములను మూడు జిల్లాలకు కేంద్రములు గావింపగా, మావారు ఆ మూటిని మరల ఒకే కప్పు క్రిందికి తెచ్చిరి. ఇది మావారి స్వకపోలకల్పితము కాదు. నూరేండ్లక్రిందట రష్యాలో కులెషోవ్ అను దర్శకుడు, మాస్కో వీధులలో కలిసికొనిన ఇద్దరిని వాషింగ్టనులోని శ్వేతసౌధము మెట్లెక్కుచున్నట్లు భ్రమింపజేసి, రెండు ముక్కలను అతికినచో చూచువాడు భూగోళమును మరచునని నిరూపించెను. వాషింగ్టనుకే లేని అభ్యంతరము భూపాలపల్లికి ఎందుకుండవలెను?

భూగోళమును మరచు ప్రేక్షకుడే దిక్కును మాత్రము మరువడు. రైలు దృశ్యము తీసిననాడు మాకిది బోధపడినది. అనుమతి లేనిదే స్టేషనులో చిత్రీకరణము కూడదు గనుక, కంచె కీవలనుండి, కాజీపేట వైపు పోవు బండిని తీసితిమి. అది తెరపై ఎడమనుండి కుడికి చక్కగా సాగిపోయెను. మరునాడు రెండవ షాటు తీయబోవు వేళకు సూర్యుడు ఎదురు నిలువగా, ఛాయాగ్రాహకుడు సద్బుద్ధితోనే పట్టాలకు ఆవలి పక్కకు పోయి తీసెను. రెండు ముక్కలను కలిపి చూడగా, కాజీపేటకు బయలుదేరిన నాయకుడు మనసు మార్చుకొని సికిందరాబాదు దిక్కుగా వెనుదిరిగినట్లు కనబడినది.

ఇద్దరు మాటలాడుకొనునప్పుడు వారి నడుమ, బండి పోవునప్పుడు దాని దారివెంట, కంటికి కనబడని గీత ఒకటి గీసికొని, కెమెరా ఎప్పుడును ఆ గీతకు ఒకే పక్కన, అనగా నూటఎనుబది డిగ్రీలలోపల, నిలువవలెనని చలనచిత్రకారుల నియమము. మా పుణ్యమున ఇచ్చట ఆ గీత కంటికి కనబడునదే. రైల్వేవారు ఎప్పుడో ఇనుముతో వేసి యుంచిరి. దానిని సైతము మావాడు దాటెను. “ఎండ కండ్లల్ల వడ్తుంది సార్, అందుకే అటు దిక్కు పోయిన” అని సమాధానము. ఎడిటింగు చేయు పిల్లవాడు “గింతేనా?” యని ఫోనులో ఒక మీట నొక్కి ఆ షాటును అద్దములోని బింబము మాదిరి తిరుగవేసెను. బండి దారిలో పడినది గాని, వెనుకనున్న పసుపుపచ్చని బోర్డుపై ‘జనగామ’ మూడు భాషలలోను తలక్రిందులుగాక వెనుకముందులుగా మారి, అంతవరకు ఒక్కొక్క భాషవారికి ఒక్కొక్కటియైనను తెలిసియున్న అక్షరములు ఎవరికిని తెలియని వయ్యెను.

తప్పు పట్టుబడినప్పుడు పెద్దలను సాక్ష్యమునకు పిలుచుట మన శాస్త్రకారుల అలవాటు. దర్శకుడును ఆ మార్గమునే త్రొక్కెను. “జపాన్ల ఓజు సుత గీత దాటిండు సార్. గొదార్ సుత షాట్లు ఎగరగొట్టిండు.” నిజమే. ‘టోక్యో స్టోరీ’ తీసిన ఓజు ఆ గీతను లెక్కచేయలేదు. 1960లో ‘బ్రెత్‌లెస్’ విడుదల చేసిన గొదార్ షాటు నడిమి భాగములను నిర్దాక్షిణ్యముగా ఎగురగొట్టెను. గీత ఎచ్చటనున్నదో ఎరిగి దాటినవానికిని, ఎండకు జడిసి దాటినవానికిని గల తారతమ్యమును నేను సవిస్తరముగా వివరించుచుండగా విజయవాడ బండి వచ్చుటచే, ఈవలి పక్కనుండియే మరల తీసితిమి.

మహబూబాబాదులో మిరపకాయల కాలము. వీథివీథిని ఎర్రగా ఆరబోసియుండగా, నాయిక వియోగదుఃఖమును అభినయింపవలసిన పని లేకపోయెను. ఘాటు ఆ భారమంతయు వహించినది. ఆమెతోపాటు ఛాయాగ్రాహకుడు, లైటు పట్టుకొనినవాడు, దారిన పోవు పాలవాడు సైతము ఏకధారగా రోదించిరి. ఇబ్బంది తరువాత వచ్చినది. అదే దుఃఖమునకు దగ్గరి షాటు జనగామ గదిలో తీయబోగా ఆ బిడ్డ కన్ను చెమ్మగిల్లలేదు సరిగదా, నవ్వు వచ్చుచుండెను. పైగా ట్యూబులైటు క్రింద ఫోను తనంతట తానే వెలుగును, రంగును సవరించుకొనుచు పోవుటవలన, ఒక షాటులో చామనచాయగానున్న నాయిక మరుషాటులో కాకరకాయ రంగునకు తిరిగెను. ఫోను అమరికలలో ఆ సవరణను నిలిపివేయవచ్చునని చివరకెవరో కనిపెట్టి మమ్ము రక్షించిరి.

భూపాలపల్లిలో చెప్పుకొనదగినది పొగ. చెల్పూరు విద్యుత్కేంద్రపు గొట్టమును వెనుక నుంచి నాయకుని సంభాషణ తీయగా, ఒక వాక్యమునకు పొగ తూర్పునకు, దాని జవాబునకు పడమరకు పోయెను. గాలికి కంటిన్యుటీ చెప్పగలవాడు పుట్టలేదు. ఆకాశము కనబడకుండ కెమెరాను దించితిమి. బొగ్గు లారీలు పోవు త్రోవలో తెల్లచొక్కాతో నాయకుని నిలువబెట్టవలెనన్న ఆలోచన ఎవరిదో నేను చెప్పను.

ఇంతలో మాఘమాసము వచ్చినది, మేడారము జాతర వచ్చినది. నాయకుడు ఉంగరాల జుట్టుతో మహబూబాబాదులో తలుపు తట్టిన షాటు పూర్తియై, జనగామ గదిలో అడుగుపెట్టు షాటు మిగిలియున్న ఆ నడిమికాలమున, అతడు జంపన్నవాగులో స్నానమాచరించి, నున్నని గుండుతో మా యెదుట ప్రత్యక్షమయ్యెను. “మా అమ్మ మొక్కింది సార్, సమ్మక్క తల్లికి ఎంట్రుకలిస్తనని. నేనేం జేయాలె?” తల్లి మొక్కును, వనదేవతను ఎదిరించి వాదించు ధైర్యము నాకు లేదు. తెరమీద గడపకు ఆవల జుట్టు, ఈవల గుండు; నడుమ అరక్షణమైనను లేదు.

ఈ ఆపదలో మాస్కోకు పోనక్కరలేకపోయెను. మా జిల్లాలోనే పాలకుర్తి మండలమున బమ్మెర యున్నది. (ఒంటిమిట్టవారు మన్నింతురు గాక, షూటింగు నడుమ కవి జన్మస్థలవివాదమునకు వ్యవధి చాలదు.) 15వ శతాబ్దికి చెందిన పోతన గజేంద్రమోక్షమున వైకుంఠమును చూపిన వరుస చూడుడు: మొదట పట్టణము, పట్టణమున ప్రధానసౌధము, దాని చెంత మందారముల తోట, తోటలో సుధాసరస్సు, గట్టున చంద్రకాంతపు తిన్నె, తిన్నెమీద కలువల శయ్య, అటుపైని గాని స్వామి కనబడడు. దూరపు షాటునుండి దగ్గరి షాటునకు ఒక్క కుదుపు లేదు. ఇక ఏనుగు మొర విని స్వామి లేచినప్పుడు, దేవికి చెప్పలేదు, శంఖచక్రములు చేపట్టలేదు, గరుత్మంతుని సిద్ధపరచుకొనలేదు, చెవులమీద పడిన జుట్టును సవరించుకొనలేదు, చేతనున్న దేవి పైటకొంగును విడువనైన లేదు. ఎవరి చేత ఏమున్నదో, ఏమి లేదో ఇంత కచ్చితముగా తెలుపు పుట నా నోటుపుస్తకములో ఒక్కటియును లేదు.

అయితే చక్రము లేకుండ బయలుదేరినవాడు మొసలి తలను దేనితో ఖండించును? మావాడైనచో చక్రమును నేరుగా మడుగులో ప్రత్యక్షము చేయించి, “దేవుడు గద సార్” అని ఊరకుండెడివాడు. పోతన అట్లు విడిచిపెట్టలేదు. స్వామి వెంట లక్ష్మి, ఆమె వెంట అంతఃపురకాంతలు, వారి వెనుక గరుత్మంతుడు, అతని చెంత విల్లు, గద, శంఖము, చక్రము అని వరుసగా నడిపించి, ఆయుధము వచ్చిన దారిని మన కన్నులకు కట్టించెను. ఆ తరువాతనే దానికి పని.

దర్శకుడు ఇదంతయు విని, చాలసేపు తల గోకికొని, “అంటే సార్, నెత్తి మీదికి తువ్వాల ఎట్ల వచ్చిందో చూపియ్యాలె, అంతే గద?” అనెను. అంతే. తలుపు తట్టుటకును తలుపు తెరచుకొనుటకును నడుమ రెండు చిన్న షాటులు చేర్చితిమి: ముంగిట ఆరబోసిన మిరపకాయలు; సంచిలోనుండి ఎర్రగళ్ల తువ్వాలును లాగుచున్న రెండు చేతులు. వెనుకనుండి ఒక తుమ్ము వినిపించితిమి. ఘాటునకు తలయు ముక్కును కప్పుకొని నాయకుడు గడప దాటెను. కళాశాల హాలులో చిత్రము ప్రదర్శించిననాడు, ప్రేమసంభాషణమంతయు తలపాగా దింపకయే జరిగినను, ఏమని ఎవరును అడుగలేదు. ఈ ఉద్యోగమున లభించు బిరుదు అదియొక్కటే.

రెండవ చిత్రమునకు కథ సిద్ధముగా నున్నది. నాయకుని జుట్టును పెరిగినది. మేడారము జాతర రెండేండ్లకొకమారు గదా యని, జాతర లేని ఏటనే చిత్రీకరణమంతయు ముగించునట్లు నిశ్చయించి, నాయకుని తల్లిగారిని కలిసి, ఈలోపల వేరే దేవునికి మొక్కవలదని సవినయముగా మనవి చేసికొని వచ్చితిమి. ఆమె ఆలోచించి చెప్పెదననినది.