ఓనరుగారి జవాబు

రావులపాలెంలో హైవే పక్కనే ఉంది ఆ బట్టల షాపు. కోనసీమకి గుమ్మంలాంటి ఊరు కాబట్టి కొత్తపేట, ఆత్రేయపురం, గౌతమి అవతల ఆలమూరు నుంచి కూడా పెళ్ళిబట్టలకి జనం ఇక్కడే దిగుతారు. అరటి మార్కెట్టులో గెలలమ్ముకున్న రైతు ఆ డబ్బుతో వచ్చేదీ ఇక్కడికే. పెళ్ళిళ్ళ రోజుల్లో సేల్స్ అమ్మాయిలకి మంచినీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు.

ఓనరుగారు కూతురికి సంబంధం చూస్తున్నారు. కుర్రాడిది తణుకు, ఉద్యోగం హైదరాబాద్ హైటెక్ సిటీలో. జాతకం కంటే ముందు ఆయన యాంబిషన్‌బాక్స్ తెరిపించారు. ఆ కంపెనీ గురించి పనిచేస్తున్నవాళ్ళు, మానేసినవాళ్ళు రాసిందంతా మేనల్లుడి చేత చదివించుకున్నారు. "లోపలివాళ్ళు చెప్పేదేరా నిజం!" అన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. పై అధికారి తీరు ఎలాంటిదో, జీతం వేళకి పడుతుందో లేదో బయట బోర్డు చూస్తే తెలియదు కదా.

ఆ వారంలోనే గూగుల్ మ్యాప్స్‌లో ఆయన షాపుకి ఒక్క స్టార్ పడింది. రాసినవాళ్ళ అసలు పేరు లేదు. 'పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలి. బేరాలు లేనప్పుడైనా కూర్చోనివ్వరు. ఉన్న స్టూళ్ళు కూడా తీయించేశారు. కాళ్ళు వాచిపోతున్నాయి.' అంతే. తిట్టొకటి లేదు, అబద్ధమొకటి లేదు.

"స్టూళ్ళు మళ్ళీ వేయించేద్దాం మావయ్యా, ఆ మాటే రాసేద్దాం" అన్నాడు మేనల్లుడు. ఓనరుగారు వినలేదు. దగ్గరుండి జవాబు రాయించారు. 'ఇది పోటీవాళ్ళు రాయించిన అబద్ధం. ఎన్నో కుటుంబాలకి అన్నం పెడుతున్న సంస్థ మాది. నిలబడలేనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు.'

ఆ రాత్రి షట్టరు దించాక అమ్మాయిలందరినీ వరసగా నిలబెట్టి ఐదేసి స్టార్లు కొట్టించారు. అనుమానం వచ్చిన ఒక పిల్లని మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆ పిల్లే రాసిందని రుజువేమీ లేదు. రాసి ఉంటే మాత్రం, ఉన్నమాట రాసినందుకు నోటి దగ్గర కూడు తీసేస్తారా? నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇది ఒక్క ఊరి బాధ కాదు. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి నుంచి మొదలుపెట్టి బట్టల షాపుల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం సవరించి పనివేళల్లో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఆ దారే పట్టింది. ఓనరుగారు చేయాల్సిందల్లా నాలుగు స్టూళ్ళు వేయించి, 'మీరు చెప్పింది నిజమే, రేపటి నుంచి కూర్చోండి' అని రాయడం. రాసిందెవరో వెతకాల్సిన పనే లేదు. ఆ జవాబుని ఊరంతా చదువుతుంది.

తాంబూలాలు పుచ్చుకునే రోజు వచ్చింది. పూతరేకులు తెప్పించారు, చక్కెరకేళి గెలలు దింపించారు. ముహూర్తం దగ్గరపడుతున్నా తణుకు కార్ల జాడ లేదు. ఓనరుగారే ఫోన్ చేశారు.

"చెల్లెమ్మగారూ, సిద్ధాంతం వంతెన దాటారాండీ?"

"లేదండీ అన్నయ్యగారూ. ఇంట్లోనే ఉన్నాం."

"అదేంటండీ! ముహూర్తం దాటిపోతోంది!"

"మీరు మావాడి కంపెనీ గురించి అన్నీ చదివించుకున్నారని తెలిసిందండి. తప్పేం లేదు, ఆడపిల్ల తండ్రి. మావాడూ నిన్న రాత్రి మీ షాపు గురించి రాసింది చదివి వినిపించాడు. ఎవరో రాసినదానికి మేమేం అనుకోలేదండి. ఏ కొట్లోనైనా ఉండే కష్టమే, చెబితే సర్దుతారులే అనుకున్నాం. దాని కిందే మీరు రాసింది కూడా చదివాడు."

ఓనరుగారు ఏదో చెప్పబోయారు. ఆవిడ ఆగలేదు.

"వీళ్ళ నాన్న పోయాక నేను ఇరవై ఏళ్ళు చీరల కొట్లో సేల్స్‌లో చేసే వీణ్ణి ఇంజనీరింగు చదివించానండి. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి పది నిమిషాలు నిలబడలేను. నిలబడలేనివాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చన్నారు కదండీ. కూర్చున్నాం."