సింహప్రబోధానికి టీకా తాత్పర్యం

మూలం:
నీలోని సింహాన్ని లేపు!
మూడు రోజుల్లో లీడర్‌వైపో!
భోజనం ఉచితం, సీట్లు కొన్నే!

అవతారిక: శాలిబండ నుంచి చార్మినార్‌కు వచ్చే దారిలో కనబడ్డ ప్రతి కరెంటు స్తంభానికీ ఈ శాసనం అంటించి ఉంది. కర్త పేరు వానకు కారిపోయింది. ఫోన్ నంబరు మాత్రం చెక్కుచెదరలేదు. యతిప్రాసలు లేకపోయినా ఆశ్చర్యార్థకాలు పాదానికొకటి చొప్పున పడ్డాయి. బొమ్మలో కవి కోటు తొడుక్కుని, చేతులు కట్టుకుని, పక్కకు చూస్తున్నాడు. ఎటు చూస్తున్నాడో పూర్వ వ్యాఖ్యాతలెవరూ చెప్పలేదు.

ప్రతిపదార్థం: ‘భోజనం’, ‘ఉచితం’ చంటిపిల్లలకూ తెలుసు కనుక వాటి జోలికి పోము. నీలోని = ఆగి చదివినవాడిలోని; పట్టపగలు స్తంభం దగ్గర ఆగే తీరిక ఉందంటే ఉద్యోగం లేనివాడని కవిహృదయం. సింహాన్ని = ఇక్కడ కొంత విస్తరించాలి.

పాతబస్తీలో సింహమంటే లాల్‌దర్వాజ. అక్కడి గుడిలో సింహం వాహనం. పూజ దాని మీద కూర్చున్న మహంకాళికి. సింహాన్ని లేపి పెత్తనం అప్పగించే ఆచారం ఈ గల్లీల్లో ఎన్నడూ లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. అప్పుడు దివాన్ కిషన్ ప్రసాద్ మాట మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చాటలో చీర, పసుపు కుంకుమలు, ముత్యాలు పెట్టి నదికి సమర్పించాడనీ, అప్పటినుంచే ఈ గుడికి ఇంత ప్రాశస్త్యమనీ బస్తీ పెద్దలు చెప్పుకుంటారు. అది నమ్మినా నమ్మకపోయినా, మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిన మాట చరిత్ర. వరదను ఆపడానికి ఆయన సూచించిన గండిపేట చెరువు 1920 నాటికి గానీ పూర్తి కాలేదు. ‘మూడు రోజుల్లో’ అన్న పదానికి అర్థం రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోగలరు.

ఇక బోనాల మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాట పలికే ఆడమనిషి ఎంతటి పెద్దమనుషులనైనా ముఖం మీదే నిలదీస్తుంది, వాళ్లు చేతులు కట్టుకుని వింటారు. కొరడా ఝళిపించే పోతరాజుకు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ఎవరు చెప్పారు? హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా మీదుగా నయాపుల్‌కు సాగుతుంది. కిరాతార్జునీయానికి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం, అంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం. ఆయన మెదక్ దగ్గరి కొల్చారం వాడు, మనవాడే. చార్మినార్ కట్టకముందే పోయాడు గానీ, ఆ ఊరేగింపు చూసి ఉంటే పత్తర్‌గట్టికి ఇంకో వ్యాఖ్య రాసేవాడు. డప్పు మోత మొదలైతే మేడల మీది ఆడవాళ్లు...

ఇంతకీ పోస్టరు.

లీడర్‌వి = నాయకుడివి. మొఘల్‌పురా ప్రతిలో ‘బాస్‌వి’ అని పాఠాంతరం.

శంక: అందరూ నాయకులైతే వెనక నడిచేదెవరు?

సమాధానం: ఫీజు కట్టిన నాయకులంతా కవి వెనకే నడుస్తారు కనుక దోషం లేదు.

ఉదాహరణ: మా గల్లీ పిలగాడొకడు ఆ మూడు రోజులూ కూర్చుని వచ్చాడు. అద్దం ముందు నిలబెట్టి ‘నేను గెలుస్తా’ అని అరిపించారట. షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వడం నేర్పారు. అది మొదట నా వేళ్ల మీద ప్రయోగించాడు. తరవాత హైటెక్ సిటీలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు పోయాడు. లెక్కలడిగారు, చెప్పాడు. ఇంగ్లీషులో అడిగారు, తడబడకుండా చెప్పాడు. ‘ఎక్కడుంటావు?’ అన్నారు. ‘ఛత్రినాక సార్.’ అడిగినాయన పెన్ను మూత పెట్టేశాడు. ‘ఓల్డ్ సిటీనా? రోజూ టైముకు రాగలవా?’

‘ఏమాయె బిడ్డా?’ అంటే, ‘నాకు కాన్ఫిడెన్స్ తక్కువున్నదట పెదనాయనా’ అన్నాడు.

తక్కువున్నది మెట్రో. ఫలక్‌నుమా దాకా వేస్తామని మొదటి ప్లానులోనే రాసుకుని, 2020లో ఎంజీబీఎస్ దాకా తెచ్చి అక్కడే ఆపారు. రెండు బస్సులు మారి, మదీనా దగ్గర ట్రాఫిక్‌లో నలిగి, ఊరి అవతలి కొసకు పోయి ఉద్యోగం అడిగినవాడికి ధైర్యం చాలదంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ కుర్చీలో కూర్చున్నాయన ఛత్రినాక పేరు వినగానే బెదిరిపోయాడు. ఆయన్ను కూర్చోబెట్టి సింహాన్ని లేపే కోర్సు ఎవరూ పెట్టరు, ఆయన ఫీజు కట్టడు కనుక.

తాత్పర్యం: పిలగాడు పోస్టరు మీది నంబరుకు ఫోన్ చేశాడు. ‘నీ సింహం సగమే లేచింది, అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరు’ అన్నారట. ఫీజు రెట్టింపు. ఆ కోర్సుకు ఇంకా పోస్టరు అంటించలేదు. మూలం దొరకని చోట టీక రాయడం కుదరదు.