నాకేమీ కనిపించలేదు

నేను ఎండోస్కోపును. నల్లటి సన్నని గొట్టం, కొసన దీపం, పక్కనే కెమెరా. కాపురం న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ కేన్సర్ ఆసుపత్రిలో. మనుషులు పేరెత్తడానికే సిగ్గుపడే దారిలో నా రాకపోకలు. పని కాగానే మందునీళ్ళ స్నానం, ఆపైన మరొకరి పేగుల్లోకి.

పురీషనాళంలో కేన్సర్ గడ్డని చూడగానే పోల్చుకుంటాను. ఎర్రగా ఉబ్బిన పుండు, తాకితే నెత్తురు. దానికి ఏళ్ళ తరబడి ఒకటే దారి: కీమో, రేడియేషన్, తర్వాత ఆపరేషన్. గడ్డ పోతుంది, దాంతో చాలా పోతాయి. కొందరికి జీవితాంతం పొట్టమీద మలసంచి, కొందరికి ఇక పిల్లలు పుట్టరు.

ఆండ్రియా సెర్సెక్, లూయిస్ డియాజ్ అనే డాక్టర్ల ప్రయోగంలో చేరినవాళ్ళ కథ వేరు. వాళ్ళ గడ్డల్లో డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే ఏర్పాటు చెడిపోయింది. తప్పులు పేరుకుని ఆ కణాలు వింతగా తయారవుతాయి, ఒంటికి కాపలా కాసే టి కణాలు వాటిని ఇట్టే పసిగట్టాలి. కానీ టి కణానికి పీడీ-1 అనే కళ్ళెం ఉంది. జపాన్‌లో తసుకు హోంజో బృందం 1992లో దాన్ని బయటపెట్టింది. గడ్డ ఆ కళ్ళేన్నే పట్టి లాగుతుంది. డోస్టార్లిమాబ్ అనే మందు ఆ కళ్ళెం గడ్డకి చిక్కకుండా అడ్డుపడుతుంది. మూడు వారాలకోసారి, ఆరు నెలలు. మందు తానుగా కేన్సర్‌ని చంపదు సుమా, చంపేది ఆ మనిషి ఒంట్లోని కణాలే.

మందు ముగిశాక వాళ్ళలో ఒకరి లోపలికి మళ్ళీ వెళ్ళాను. గడ్డ ఉన్నచోట తెల్లటి మచ్చ, దానిమీద సన్నని రక్తనాళాల చారలు. అంతే! నా మాట ఒక్కటే నమ్మితే ఎలా? ఎమ్మారై తీశారు, పెట్ స్కాన్ తీశారు, ముక్క గిల్లి పరీక్షకి పంపారు. ఎక్కడా ఏమీ లేదు. 2022 జూన్‌లో 12 మంది ఫలితాలు వెలువడ్డాయి. పన్నెండుగురికీ గడ్డ మాయం, ఒక్కరికీ కత్తి పడలేదు. 2025 నాటికి లెక్క 49కి 49.

కేన్సర్‌కి మందు దొరికేసిందని సంబరపడ్డవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ తొందర నచ్చలేదు. పురీషనాళ కేన్సర్లలో ఆ దిద్దుబాటు లోపం ఉన్నవి నూటికి అయిదో పదో. మిగతావాళ్ళకి ఈ మందు ఒక్కటే ఇస్తే ఫలితం దాదాపు సున్నా. వాళ్ళలో చాలామందికి ఇప్పటికీ పాత దారే. లోపం ఉన్నా, గడ్డ జీర్ణాశయం, అన్నవాహిక, పెద్దపేగు వంటి వేరేచోట్ల ఉన్నప్పుడు 54 మందిలో 35 మందికే పూర్తిగా కరిగింది.

కరిగినవాళ్ళలోనూ కొద్దిమందికి తిరగబెట్టింది. అందుకే ఆపరేషన్ తప్పినవాళ్ళకి నేను తప్పను. కొన్నేళ్ళపాటు వస్తూనే ఉండాలి, ఆ మచ్చ అంచుల్ని నేను వెతుకుతూనే ఉండాలి.