బోల్టుకి ఫొటో ఎవరు తీస్తారు?

ఊరి నడిబొడ్డున కార్ల పందెం పెట్టాలంటే ముందుగా కావలసినవి లేజర్ లైట్లు. ఆ తర్వాత డ్రోన్లు, సినిమావాళ్లకు వీఐపీ గ్యాలరీ, పెద్దవాళ్ల చేతికి గళ్ల జెండా. ఇవన్నీ అయ్యాక ఇంకా పొద్దు మిగిలితే, ట్రాక్ పక్క కంచె బోల్టులు బిగించుకోవచ్చు. మిగలకపోతే మాత్రం ఏం? పైన దేవుడున్నాడు, టికెట్టు వెనక చిన్నక్షరాలున్నాయి. మోటారు పందేలు ప్రమాదకరం, రిస్కు మీదే అని ముందే చెప్పేస్తారు. భోజనం వికటిస్తే మా పూచీ లేదని శుభలేఖ మీద అచ్చేసినట్టు.

మా వీధిలో పందిళ్లు వేసే మనిషి ఒకాయన ఉన్నాడు. గుంజ పాతి, మట్టి కూరి, మడమతో అదిమి, చివరికి భుజం ఆనించి ఒక్క ఊపు ఊపి చూస్తాడు. కదిలిందా, మళ్లీ తవ్వుతాడు. పెళ్లివాళ్లు తొందరపెడితే, "పిల్లలు పట్టుకుని ఊగుతారండీ" అంటాడు, అంతే. స్ట్రీట్ సర్క్యూట్ కూడా నాలుగు రోజుల పందిరే. పక్కా ట్రాకులో కారు అదుపు తప్పితే ఆగడానికి కంకర మేట, ఖాళీ జాగా ఉంటాయి. ఇక్కడ రోడ్డు అయిపోయిన చోట గోడ, గోడ మీద వల, వల వెనక మనం. రోజూ గంటకు 60 కిలోమీటర్లకు అలవాటుపడ్డ రోడ్డు మీద 180లో పోతే, ఆ గోడ మింగాల్సిన దెబ్బ మూడింతలు కాదు, తొమ్మిదింతలు. ఇంత లెక్క ఉన్న పందిరికి భుజం ఆనించి చూసే మనిషి ఎవరూ అని వెతికితే, అందరూ ఫొటోలో ఉంటారు, ఆయనొక్కడూ ఉండడు.

1975 ఏప్రిల్‌లో బార్సిలోనాలో ఇదే జరిగింది. మోంజుయిక్ కొండ మీద పార్కు రోడ్లలో ఫార్ములా వన్ పెట్టారు. డ్రైవర్లు నడుచుకుంటూ వెళ్లి చూస్తే, ఇనప కంచెకు కొన్నిచోట్ల బోల్టులు బిగించలేదు, కొన్నిచోట్ల అసలు లేవు. మేం నడపం అన్నారు. అప్పుడు జట్ల మెకానిక్కులే స్పానర్లు పట్టుకుని కంచె బిగించాల్సి వచ్చింది. పెళ్లికొడుకే వచ్చి గుంజలు పాతుకున్నట్టు! అప్పటికీ మొరాయిస్తే కార్లు జప్తు చేస్తామని బెదిరించారు. అంతకు ముందేడాది ప్రపంచ చాంపియన్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి మాత్రం మాట మీద నిలబడి, రేసు వదిలేసి వెళ్లిపోయాడు. పిరికివాడన్నవాళ్లు ఉండే ఉంటారు. రేసులో రోల్ఫ్ స్టోమెలెన్ ముందంజలో ఉండగా అతని కారు వెనక రెక్క విరిగింది. కారు కంచె దాటి ఎగిరిపడి, ప్రాణాలు తీసింది. నిజమే, విరిగింది బోల్టు కాదు, రెక్క. రెక్క విరగడం విధి అనుకుందాం. కారు పడే చోట మనుషులు నిలబడి ఉండడం ఎవరి ప్లాను? రేసు మధ్యలోనే ఆపేశారు. పూర్తి దూరం పోలేదు కాబట్టి గెలిచినవాడికి సగం పాయింట్లే ఇచ్చారు. ఆ లెక్క మాత్రం ఎక్కడా తప్పలేదు.

2001లో మెల్‌బోర్న్‌లో, ఆల్బర్ట్ పార్కు రోడ్ల మీద, కంచెలో వదిలిన సందులోంచి ఊడిన చక్రం దూరి ఒక వాలంటీర్ మార్షల్‌ని చంపింది. అంత పెద్ద కంచెలో అది కూడా దారి వెతుక్కుంది చూడండి. 2018లో మకావులో 17 ఏళ్ల సోఫియా ఫ్లోర్ష్ కారు గంటకు 276 కిలోమీటర్ల వేగం మీద అదుపు తప్పి, గాల్లోకి లేచి, వల మీదుగా వెళ్లి ఫొటోగ్రాఫర్ల గూడులో పడింది. వెన్నెముక విరిగింది, గంటలకొద్దీ ఆపరేషన్. గూడులో ఉన్నవాళ్లూ గాయపడ్డారు. అందరూ బతకడం అదృష్టం. ఆ అదృష్టాన్నే సేఫ్టీ ప్లాన్ అని ఫైలు చేసుకునే తెలివి మనవాళ్లకు రాకపోతే చాలు.

లాస్ వేగస్ సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. 2023 నవంబరు. ప్రాక్టీసు మొదలై పది నిమిషాలైనా కాలేదు. రోడ్డులోని నీటి వాల్వు మూత లేచి కార్లోస్ సైంజ్ ఫెరారీ కడుపు చీల్చింది. దారంతా మూతలు తనిఖీ చేసేసరికి అర్ధరాత్రి దాటింది. రెండో ప్రాక్టీసు తెల్లవారుజామున రెండున్నరకు. అంతకు గంట ముందే జనాన్ని బయటికి పంపేశారు. పరిహారంగా, ఆ ఒక్కరోజు టికెట్టు కొన్నవాళ్లకు 200 డాలర్ల కూపను, అదీ వాళ్ల దుకాణంలోనే టోపీలూ చొక్కాలూ కొనుక్కోవడానికి. మరి దోషికి శిక్ష? పడింది. కొత్త బ్యాటరీ భాగం వేసుకున్నందుకు సైంజ్‌ని పది స్థానాలు వెనక్కి నెట్టారు. మ్యాన్‌హోల్‌లో పడ్డవాడికి గుంత పాడుచేశావని జరిమానా వేయడం మన మునిసిపాలిటీలకు ఇంకా తట్టలేదు.

బాకూలో 2019లో మూత లేచి జార్జ్ రస్సెల్ కారు చితికింది. దాన్ని మోసుకెళ్లే క్రేన్ బండి వంతెన కింద తల కొట్టుకుని, ఆ కారు మీదే నూనె కారబోసింది. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు.

మనమేం తక్కువ తినలేదు. 2022 నవంబరులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ అన్నారు, జరపలేక రద్దు చేశారు. ఆ వారం పద్ధతిగా జరిగిన పని ఆ రద్దొక్కటే అని నా అభిప్రాయం. 2023 ఫిబ్రవరిలో కరెంటు కార్ల పందెం ఫార్ములా ఈ వచ్చింది. 2.8 కిలోమీటర్ల ట్రాకు, ప్రపంచమంతా చూస్తోంది. శుక్రవారం ప్రాక్టీసు వేళకు మామూలు జనం బళ్లు ట్రాక్ మీదికి వచ్చేశాయి. పాపం, వాళ్ల తప్పేముంది? రోజూ ఆఫీసుకు పోయే దారే అది. ఆ పందెం డబ్బు ఏ ఖాతాలోంచి ఎక్కడికి పోయిందని నాయకులు కేసులు పెట్టుకున్నారు, టీవీల్లో కొట్టుకున్నారు. ఆ బళ్లు ఏ సందులోంచి వచ్చాయని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

చెన్నైలో 2024 ఆగస్టు 31న, పందెం రోజునే ఇంకా సేఫ్టీ సర్టిఫికెట్టు రాలేదు. మధ్యాహ్నం పన్నెండు లోపల తెమ్మంది హైకోర్టు. తర్వాత రాత్రి ఎనిమిది దాకా గడువు పొడిగించింది. ముహూర్తం మించిపోతోంది, బాసికం ఇంకా బజారులోనే ఉంది. ఎలాగో వచ్చింది, కార్లు కదిలాయి. ఆ పందేల్లోనే ఒక వీధికుక్క ట్రాక్ ఎక్కి కాసేపు అందరినీ ఆపించింది. కంచెను ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలినడకన, టీఏ డీఏ లేకుండా తనిఖీ చేసినది అదొక్కటే అయుండాలి.

ఇన్ని చెప్పి, పందేలొద్దంటానా? అనను. వాటివల్ల నాకొక కొత్త సంగతి తెలిసింది. రోడ్డు మీది మూతలు లేవకుండా వెల్డింగ్ చేయొచ్చట. ఇన్నేళ్లూ అదేదో సాంకేతికంగా సాధ్యం కాదు కాబోలు అనుకున్నాను. మా సందు మలుపులో మూత పోయి చాలా కాలమైంది. ఎవరో పుణ్యాత్ముడు ఒక వేపకొమ్మ గుచ్చి, చివర ఎర్ర గుడ్డ కట్టాడు. మా సర్క్యూట్‌కి మార్షల్ అదే. మొన్నటి వానకు వంగిపోతే, పాలబ్బాయి బండి దిగి, దాన్ని నిలబెట్టి, చుట్టూ రెండు రాళ్లు పేర్చి, ఒకసారి ఊపి చూసి మరీ వెళ్లాడు.